భుజం మీద పట్టీ – మోకాలికి ఊరట
(మోకాలి మార్పిడి శస్త్రచికిత్స అనంతరం నొప్పి నివారణ గురించి కొన్ని మాటలు)



యాదగిరిగుట్ట శ్రీ లక్ష్మీనరసింహస్వామి వారిని మన ప్రాంతంలో వైద్యనారసింహుడని కొలుస్తారు. అనారోగ్యంతో ఉన్నవారు మండలకాలం గుట్టపై ఉండి ప్రదక్షిణలు చేయడం తరతరాలుగా వస్తున్న ఆచారం. అందువల్ల మోకాళ్ళ నొప్పులతో బాధపడేవారు, మోకాలి మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నవారు స్వామి సన్నిధికి ఎక్కువగా రావడం సహజం. "ఆపరేషన్ మంచిగ అయితే నా కాళ్ళతోని నడిచి నీ చుట్టు తిరుగుత స్వామీ" అని మొక్కుకున్నవారిలో నా భార్య కూడా ఒకరు.

మాది మోత్కూర్. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రులలో ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. జీవితమంతా ఇతరులకు మందుల జాగ్రత్తలు చెప్పిన నేను, సొంత ఇంట్లో ఒక మందు విషయంలో పొరబడ్డాను. ఆ పొరపాటు మరొక ఇంట జరగకూడదన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఇంట జరిగినది

నా భార్యకు అరవై ఆరేళ్ళు. వరిపొలంలో వంగి, పత్తిచేనులో నడిచి, కట్టెల పొయ్యి ముందు గొంతుకూర్చుని అరిగిపోయిన మోకాళ్ళు ఆమెవి. కుడి మోకాలికి హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఎడమ భుజం పైభాగాన చిన్న పట్టీ ఒకటి అంటించి ఉంది. వారానికి ఒకటి మార్చాలని చెప్పారు. చీటీ మీద బుప్రెనార్ఫిన్, గంటకు 10 మైక్రోగ్రాములు అని రాసి ఉంది.

వాకర్ మీద బరువు మోపి నడవడం వల్ల రెండు రోజులలో ఆమె భుజాలు పట్టేశాయి. పొరుగింటి ఆమె వచ్చి, "ఉప్పు కాపడం పెడితే ఇడుస్తది వదినె" అని, పెనం మీద రాళ్ళ ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి రెండు భుజాలకూ చాలాసేపు కాచింది. పట్టీ ఉన్న భుజానికీ కాచింది. నేను అక్కడే కూర్చుని ఉండి కూడా వద్దనలేదు. అంతకు ముందే ఒళ్ళంతా దురదగా ఉన్నదంటే, మగత తెచ్చే పాతకాలపు దురద మాత్ర ఒకటి నా చేతితో నేనే ఇచ్చాను.

సాయంత్రానికి ఆమె గాఢంగా నిద్రపోయింది. ఆపరేషన్ అయిన నాటినుంచి ఇంత హాయిగా నిద్రించలేదు కదా అని నేను సంతోషించాను. రాత్రి అన్నం తినిపించడానికి లేపబోయిన మా అమ్మాయి, "బాపూ, అమ్మ లేస్తలేదు. గురక ఏదో తీరుగ వస్తున్నది" అన్నది. గడియారం చూస్తూ శ్వాసలు లెక్కపెట్టాను. నిమిషానికి ఎనిమిది. పెద్దవారికి సాధారణంగా 12 నుంచి 20 వరకు ఉండాలి. అప్పుడు గాని నా బుద్ధి మేలుకోలేదు. పట్టీ తీసివేసి, ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోన్ చేశాము. ఆ రాత్రి, మరునాడు కూడా ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకుని చూశారు. స్వామి దయవల్ల, వైద్యుల శ్రద్ధవల్ల ఆమె కోలుకున్నది.

తప్పు పట్టీది కాదు. దానిని మేము మామూలు నొప్పి ప్లాస్టరు అనుకోవడమే తప్పు.

ఇది నడుముకు వేసే ప్లాస్టరు కాదు

నడుము నొప్పికి దుకాణంలో కొని వేసుకునే ప్లాస్టరు మనందరికీ తెలుసు. అది అంటించినచోటే పనిచేస్తుంది. ఈ పట్టీ సంగతి వేరు. ఇందులోని మందు చర్మం గుండా రక్తంలోకి వెళ్ళి, మెదడు, వెన్నుపాములలో నొప్పిని గ్రహించే చోట్ల పనిచేస్తుంది. అందుకే మోకాలి నొప్పికి దీనిని భుజానికి అంటిస్తారు. "నొప్పి మోకాలిలో ఉంటే భుజానికి ఎందుకు?" అని పట్టీని ఊడబెరికి మోకాలికి అంటించుకున్నవారిని నేను చూశాను. అలా చేయకూడదు.

ఈ పట్టీలలో ఉండేవి నల్లమందు జాతికి చెందిన మందులు. మనం వంటలో వాడే గసగసాల మొక్క కాయ నుంచి కారే పాలే నల్లమందు. దానిలోని ఒక పదార్థం నుంచి 1966లో ఇంగ్లండులో తయారుచేసినది బుప్రెనార్ఫిన్. ఫెంటానిల్ అనే మరొకటి పూర్తిగా ప్రయోగశాలలో పుట్టినది. బెల్జియం శాస్త్రవేత్త పాల్ జాన్సెన్ 1960లో దానిని రూపొందించాడు. అది మార్ఫిన్ కంటే దాదాపు వంద రెట్లు బలమైనది.

చర్మం మనకు కోటగోడ వంటిది. ఏ మందు పడితే ఆ మందును లోపలికి రానివ్వదు. నూనెలో కరిగే గుణం ఉండి, అతి తక్కువ మోతాదులోనే పనిచేసే మందులు మాత్రమే ఆ గోడను దాటగలవు. ఈ రెండు మందులకూ ఆ గుణాలున్నాయి. అందుకే వీటి మోతాదు మిల్లీగ్రాములలో కాక, అందులో వెయ్యవవంతు అయిన మైక్రోగ్రాములలో ఉంటుంది. చర్మం పై పొరలలో మందు ముందుగా నిలువ చేరి, అక్కడినుంచి మెల్లగా రక్తంలోకి దిగుతుంది. దీనివల్ల రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, అంటించిన వెంటనే నొప్పి తగ్గదు. దాదాపు ఒక రోజు పడుతుంది. రెండవది, తీసివేసిన వెంటనే మందు ఆగదు. బుప్రెనార్ఫిన్ పట్టీ తీసిన తరువాత రక్తంలోని మందు సగానికి తగ్గడానికి 10 నుంచి 24 గంటలు పట్టవచ్చు. మా ఇంటావిడను మరునాడంతా ఆసుపత్రిలో ఉంచడానికి కారణం ఇదే.

ఏ పట్టీ, ఎవరికి, ఎంతకాలం?

బుప్రెనార్ఫిన్ పట్టీలు సాధారణంగా గంటకు 5, 10, 20 మైక్రోగ్రాముల బలంతో, ఏడు రోజులు ఉంచుకునేలా దొరుకుతాయి. ఫెంటానిల్ పట్టీలను మూడు రోజులకు, అంటే 72 గంటలకు ఒకసారి మారుస్తారు. రెండూ చూడడానికి ఒకేలా ఉన్నా బలంలో చాలా తేడా ఉన్నది. 5 మైక్రోగ్రాముల బుప్రెనార్ఫిన్ పట్టీ రోజుకు దాదాపు 12 మిల్లీగ్రాముల మార్ఫిన్ మింగడంతో సమానం. 25 మైక్రోగ్రాముల ఫెంటానిల్ పట్టీ దాదాపు 60 మిల్లీగ్రాములతో సమానం. ఇదివరకు ఇటువంటి మందులు అలవాటు లేనివారికి శస్త్రచికిత్స నొప్పి కోసం ఫెంటానిల్ పట్టీ వాడకూడదని ఆ మందు వివరపత్రాలలోనే హెచ్చరిక ఉంటుంది. దాని ముఖ్య స్థానం క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధుల తీవ్రమైన నొప్పి. అక్కడ అది ఎందరికో వరప్రసాదమైనది. ఇరుగింట్లో క్యాన్సర్ రోగికి ఇచ్చిన పట్టీని మోకాలి నొప్పికి అడిగి తెచ్చుకోవడం ప్రాణాంతకమని దీనినిబట్టి గ్రహించాలి.

మోకాలి శస్త్రచికిత్స అనంతరం అందరికీ పట్టీ అవసరం లేదు. మొదటి రోజులలో నరం దగ్గర ఇచ్చే మత్తు సూది, పారాసెటమాల్, మూత్రపిండాలు బాగున్నవారికి వాపు తగ్గించే మాత్రలు, మంచు కాపడం, కాలిని ఎత్తుగా పెట్టడం, వీటితోనే చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. దీర్ఘంగా పనిచేసే నల్లమందు జాతి మందులకు శస్త్రచికిత్స అనంతర నొప్పి కోసం ఉన్న అనుమతిని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2025 మార్చిలో తొలగించింది. మన దగ్గర కొందరు వైద్యులు ఎంచి చూసి, కొద్దికాలానికి బుప్రెనార్ఫిన్ పట్టీ ఇస్తున్నారు. కనుక పట్టీ అంటించినప్పుడు మూడు ప్రశ్నలు తప్పక అడగండి: ఇందులో ఉన్న మందు ఏది? ఎన్ని రోజులు ఉంచాలి? ఎప్పుడు పూర్తిగా ఆపాలి?

ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే గురక వ్యాధి, కాలేయ వ్యాధి, ప్రోస్టేట్ వల్ల మూత్రం కష్టంగా రావడం, ఇవి ఉన్నవారు ముందుగానే వైద్యునికి చెప్పాలి. నిద్రమాత్రలు, మానసిక వ్యాధుల మాత్రలు వాడుతున్నవారు వాటి చీటీలు కూడా చూపాలి.

అంటించే విధానం

భుజం వెలుపలి పైభాగం, ఛాతీ పైభాగం, వీపు పైభాగం పట్టీకి తగిన చోట్లు. గాయం, దద్దు, పుండు ఉన్నచోట అంటించరాదు. చర్మాన్ని మంచినీటితో మాత్రమే కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. సబ్బు, నూనె, పౌడరు, పసుపు తగలకూడదు. వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించాలే తప్ప గొరగరాదు. అంటించిన తరువాత అరచేతితో అరనిమిషం అదిమి ఉంచాలి. పట్టీని ఎట్టి పరిస్థితిలోనూ రెండు ముక్కలుగా కత్తిరించరాదు. కొత్తది అంటించే ముందు పాతది తీశామా లేదా అని వెతికి చూసుకోవాలి. వీపు మీది పాత పట్టీ మరచిపోయి మరొకటి అంటిస్తే మోతాదు రెట్టింపవుతుంది. ప్రతిసారీ చోటు మార్చాలి. బుప్రెనార్ఫిన్ పట్టీ తీసినచోట కనీసం మూడు వారాలు మరొకటి వేయరాదు. అంటించిన తేదీ, వేళ గోడ మీది క్యాలెండరులో రాసుకుంటే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

వేడి తగలరాదు

వేడి తగిలితే చర్మం కింది రక్తనాళాలు విప్పారి, మందు ఒక్కసారిగా ఎక్కువగా లోపలికి పోతుంది. ఉప్పు కాపడం, ఇసుక కాపడం, వేడినీళ్ళ సంచి, కాగే నీళ్ళ స్నానం, కుంపటి దగ్గర కూర్చోవడం, ఇవన్నీ పట్టీ ఉన్నంతకాలం మానుకోవాలి. ఒంటికి జ్వరం వచ్చినా ఇదే ప్రమాదం. జ్వరం వస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. శస్త్రచికిత్స అయిన మోకాలిలో చీము చేరినా జ్వరం రావచ్చు గనుక ఇది మరింత ముఖ్యం.

యాత్రికులు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. స్వాతి నక్షత్రం నాడు జరిగే గిరిప్రదక్షిణలో పాల్గొనాలని అందరికీ ఉంటుంది. మన వైశాఖ, జ్యేష్ఠ మాసాల ఎండలో పట్టీతో నడవడం క్షేమం కాదు. పట్టీ ఉన్నన్నాళ్ళు ఇంటి నుంచే స్వామికి నమస్కరించండి. మొక్కు కొంత ఆలస్యంగా తీర్చుకున్నంత మాత్రాన స్వామి అలుగడు.

కల్లు, నిద్రమాత్రలు

నొప్పి తెలియకుండా ఉంటుందని పెద్దవారికి సాయంత్రం ఒక సీసా కల్లు ఇవ్వడం మన పల్లెలలో ఉన్న అలవాటు. పట్టీ ఉన్నవారికి అది విషంతో సమానం. చెట్టు నుంచి దించిన అసలైన కల్లులోనూ మత్తు ఉంటుంది. కల్తీ కల్లులోనైతే అల్ప్రాజోలం, డయాజెపామ్ వంటి నిద్రమందులు కలుపుతున్నట్లు మన రాష్ట్రంలో ఎన్నోసార్లు బయటపడింది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించిన సంగతి అందరూ ఎరిగినదే. నల్లమందు జాతి మందు, నిద్రమందు రెండూ శ్వాసను మందగింపజేసేవే. రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. దగ్గు సిరప్పులు, దురద మాత్రలు కూడా మగత తెచ్చేవి కావచ్చు. వైద్యుని అడగకుండా ఏదీ ఇవ్వకండి. ఈ మాట చెప్పే అర్హత నాకు నా తప్పువల్లనే వచ్చింది.

నిద్ర వేరు, మగత వేరు

పిలిస్తే పలికి, భుజం తడితే కళ్ళు తెరిచేవారు నిద్రలో ఉన్నట్టు. ఎంత పిలిచినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి పదికంటే తగ్గడం, గురగురమనే వింత గురక, పెదవులు నీలిరంగుకు తిరగడం, కంటిపాపలు ఆవగింజంత చిన్నవి కావడం ప్రమాద సూచనలు. అప్పుడు పట్టీ తీసివేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోటిలో నీళ్ళుగాని, తీర్థంగాని పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతాయి. వెంటనే 108కు ఫోన్ చేయండి. తీసిన పట్టీని, దాని కవరును వెంట తీసుకుపోయి వైద్యులకు చూపండి. దీనికి విరుగుడు సూదిమందు ఆసుపత్రులలో ఉంటుంది.

దర్శనం వరుసలలో, అన్నదాన సత్రంలో సేవచేసే కార్యకర్తలకు ఒక మనవి. వాకర్ పట్టుకున్న పెద్దమనిషి ఎవరైనా కూర్చున్నచోటే వాలిపోతే ఉపవాసం వల్ల నీరసమని, ప్రయాణ బడలిక అని సరిపెట్టుకోకండి. పిలిచి చూడండి. పలకకపోతే భుజం, వీపు మీద పట్టీ ఉందేమో చూడమని వెంట ఉన్నవారికి చెప్పండి.

భయపడి పీకివేయవద్దు

ఇంతవరకు చదివి, "ఇంత ప్రమాదమైతే మాకు పట్టీయే వద్దు, నొప్పిని ఓర్చుకుంటాము" అని కొందరు అనుకోవచ్చు. అది కూడా పొరపాటే. కొత్త మోకాలు వంగడం నేర్చుకోవలసినది మొదటి కొన్ని వారాలలోనే. నొప్పి భయంతో కాలు కదపక మంచానికి అంటుకుపోతే కీలు బిగుసుకుపోతుంది. కాలి నరాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉన్నది. నొప్పి మందు ఇచ్చేది పడుకోవడానికి కాదు, లేచి నడవడానికి, వ్యాయామం చేయడానికి. వైద్యుడు చెప్పిన మోతాదులో కొద్ది రోజులు వాడితే వ్యసనమయ్యే అవకాశం తక్కువ. వారాల తరబడి వాడవలసి వచ్చినవారు మాత్రం తమంతట తాము హఠాత్తుగా ఆపకుండా, వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించుకోవాలి.

వికారం, తల తిరగడం, మలబద్ధకం మామూలుగా కనిపించే ఇబ్బందులు. తల తిరిగి పడితే కొత్త మోకాలికే ముప్పు గనుక రాత్రివేళ ఒంటరిగా లేవకూడదు, బండి నడపరాదు. మలబద్ధకానికి మొదటి రోజు నుంచే నీళ్ళు, పండ్లు, వైద్యుడు చెప్పిన మందు తీసుకోవాలి. మూడు నెలలు దాటినా తీవ్రమైన నొప్పి ఉంటే, పట్టీ మీద పట్టీ వేసుకుంటూ పోవడం పరిష్కారం కాదు. కారణమేమిటో శస్త్రచికిత్స చేసిన వైద్యుడే చూడాలి.

దాతలకు ఒక విన్నపం

ఉచిత వైద్య శిబిరాలకు ఇంట్లో మిగిలిన మందులు తెచ్చి ఇచ్చే సహృదయులు ఉన్నారు. వారి ధర్మబుద్ధికి నమస్కరిస్తూనే చెబుతున్నాను: ఈ పట్టీలను దానం చేయకండి. బుప్రెనార్ఫిన్ చట్టరీత్యా హెచ్1 షెడ్యూలులో ఉన్న మందు. రోగి పేరు, వైద్యుని పేరు ప్రత్యేక రిజిస్టరులో రాసుకుని మాత్రమే దుకాణదారుడు అమ్మాలి. ఫెంటానిల్‌కు నియమాలు ఇంకా కఠినమైనవి. ఒకరికి అమృతమైన మోతాదు మరొకరికి విషం కావచ్చు.

వాడి తీసిన పట్టీలోనూ మందు చాలావరకు మిగిలే ఉంటుంది. పాత పట్టీని ఆటబొమ్మ అనుకుని ఒంటికి అంటించుకుని, నోట్లో పెట్టుకుని పసిపిల్లలు మరణించిన సంఘటనలు విదేశాలలో నమోదయ్యాయి. అందుచేత తీసిన వెంటనే జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి అతికించాలి. చెత్తబుట్టలో, పెరటిలో, సత్రం గదిలో, పుష్కరిణి మెట్ల మీద పడేయకూడదు. ఇంట్లో ఉంచితే ప్రమాదకరమైన ఫెంటానిల్, బుప్రెనార్ఫిన్ వంటి మందులను మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు పోయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో సూచించింది. ఆ తరువాత చేతులు నీటితో కడుక్కోవాలి.

మొక్కు తీరిన రోజు

ఆ రాత్రి తరువాత వైద్యులు నా భార్యకు పట్టీ మళ్ళీ వేయలేదు. పారాసెటమాల్, మంచు కాపడం, రోజుకు మూడుసార్లు వ్యాయామం, వీటితోనే నెట్టుకొచ్చింది. మొదట ఏడ్చింది, నన్ను తిట్టింది, తరువాత నడిచింది. నాలుగవ నెలలో గుట్ట మీదికి బస్సులో వెళ్ళి, స్వామిని దర్శించుకుని, చేతికర్రతో ఒక్కటంటే ఒక్క ప్రదక్షిణ చేసింది. నేను వెనుక నడుస్తూ ఆమె అడుగులు కాదు, అలవాటుగా శ్వాసలు లెక్కపెట్టాను.

వైద్యనారసింహుడు వైద్యుని చేతిలోనూ, మందులోనూ ఉంటాడని పెద్దలు చెబుతారు. మందు పక్కన మెలకువగా కూర్చున్నవారిలో కూడా ఉంటాడని నేను ఆ రాత్రి తెలుసుకున్నాను. మీ ఇంట ఎవరి భుజానికైనా ఇటువంటి పట్టీ ఉంటే, ఈ పుటను చింపి గోడకు అంటించి, ఇంటిల్లిపాదికీ చదివి వినిపించగలరని మనవి.

స్వామివారి కృపాకటాక్షములు అందరిపై ప్రసరించుగాక.